విడిచిన చేప – విడువని కర్మము



పర్యూషణ దినములలో ఉపవాసమును గూర్చి, దానమును గూర్చి, స్వాధ్యాయమును గూర్చి మనము ప్రతి సంవత్సరము చెప్పుకొనుచునే యున్నాము. ఈ పర్యాయము ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పుకొందము. ఆ ప్రశ్న మన యువకులది. "మేము చేపను చంపలేదు. తినలేదు. పట్టితిమి, కొలిచితిమి, ఫోటో తీసికొంటిమి, మరల సముద్రములోనే విడిచితిమి. ఇందులో మా అహింసావ్రతమునకు వచ్చిన భంగమేమి?" అని వారడుగుచున్నారు. ఇట్టి ప్రశ్న వేసినవారిని కసరుకొనుట తగదు. అడుగకుండ చేయువానికంటె అడిగి చేయువాడు ధర్మమునకు దగ్గరివాడు. సరియైన ప్రశ్నకు సరియైన లెక్క చూపించుట పెద్దల విధి.

బ్రూక్‌ఫీల్డ్ పరిసరములలో నేడు మన కుటుంబములెన్నో నివసించుచున్నవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల బజారులలో బట్టల కొట్లు, బంగారు కొట్లు, స్టీలు సామానుల దుకాణములు నడిపినవారి బిడ్డలు, మనుమలు ఇచటికి వచ్చి కొందరు వ్యాపారములలోను, కొందరు కుందలహళ్లి చుట్టుప్రక్కల కార్యాలయములలోను స్థిరపడినారు. ఇచటినుండి ఏ దిక్కున సముద్రమును చూడవలెనన్నను రోడ్డు మార్గమున 300 కిలోమీటర్లకు తక్కువ లేదు. అయినను విమానమెక్కిన కొద్ది గంటలలో అండమాను దీవులకు చేరవచ్చును. కంపెనీలవారు ఉద్యోగులను తీసికొనిపోవుదురు. సరుకు బాగుగ అమ్మిన డీలర్లకు బహుమానముగ విహారయాత్రలు ఏర్పాటు చేయుదురు. ఆ యాత్రలలో ఒక దినము మోటారు పడవలో నడిసముద్రమునకు పోయి పెద్ద చేపలను గాలమునకు పట్టి విడుచు క్రీడ కూడ చేరుచున్నది. 2024లో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్ట్ బ్లెయిర్ నుండియు, 2018లో స్వరాజ్ ద్వీపముగా మారిన హేవ్‌లాక్ నుండియు ఇట్టి పడవలు బయలుదేరును.

ఈ క్రీడ ఎట్లుండునో ముందుగ తెలిసికొందము. తెలియనిదానిని నిందించుట న్యాయము కాదు. ఇక్కడ కోరునది వలనిండ చేపలను కాదు, ఒక్క పెద్ద చేపను. పార జాతిలో మిక్కిలి పెద్దదైన జెయంట్ ట్రెవల్లీ యనునది ఇందు ముఖ్యమైనది. 2006లో జపాను దేశమున 72 కిలోలకు పైబడినది ఒకటి గాలమునకు చిక్కినది. మన విశాఖ తీరమువారు కొమ్ము కోనాం అని పిలుచు కత్తిముక్కు చేపలు, సూర యని పిలుచు ట్యూనా జాతులు కూడ ఇందు చేరును. కొయ్యతోనో ప్లాస్టికుతోనో చేసిన బొమ్మచేపకు కొక్కెములు కట్టి నీటిపై లాగుదురు. ఆకలిగొన్న చేప అది నిజమైన ఆహారమనుకొని మీదబడును. కొక్కెము దవడలో దిగును. అటుపైని పెనుగులాట. చిన్నదైనచో కొన్ని నిమిషములు, మహామత్స్యమైనచో గంటలు. అలసి పక్కకు ఒరిగినపుడు పడవ దగ్గరకు తెచ్చి, పైకెత్తి, ఫోటో తీసి, కొక్కెమూడదీసి నీట విడుతురు. ఇంతటితో ఆట ముగియును.

మన వ్యాపారస్థులము చిట్టాలో జమ ఖర్చు రెండును వ్రాయుదుము. కావున ఈ క్రీడకు జమవైపున వ్రాయదగినదానిని మొదట వ్రాసికొందము. పట్టిన చేపను కొట్టి చంపుటకంటె విడుచుట మేలు. అందు సందేహము లేదు. చేప మ్రింగిన యెడల కడుపులో దిగక దవడ అంచున మాత్రమే తగులుకొను వంపు కొక్కెములు, సులభముగ ఊడివచ్చుటకై ముల్లు లేకుండ చేసిన కొక్కెములు వాడువారున్నారు. అమెరికాలో 1954 నుండియు కొందరు జాలరి క్రీడాకారులు విడుచు చేపలకు చీటీలు కట్టుటవలన ఆ జాతులు ఏ సముద్రమునుండి ఏ సముద్రమునకు పోవునో శాస్త్రజ్ఞులకు తెలిసినది. మన కర్ణాటకములోనే కావేరి యొడ్డున భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి యను చోట్ల మహసీర్ అను మహామత్స్యమును పట్టి విడుచు శిబిరములు చాలకాలము నడచినవి. బెంగళూరులో 1972లో ఏర్పడిన దక్షిణ భారత వన్యజీవి సంఘమువారు కూడ కావేరిలో ఈ పద్ధతిని పాటించినారు. మనుష్య సంచారమున్నందున మందుగుండు పేల్చి చేపలను చంపు దొంగలకు అడ్డుకట్ట పడినదని వారు చెప్పుదురు. ఈ మాటను త్రోసివేయనక్కరలేదు. జమను జమగానే ఉంచి, ఖర్చువైపు తిరుగుదము.

మన శాస్త్రమున చేప స్థానమేమి? అది ఏకేంద్రియ జీవము కాదు. స్పర్శ, రుచి, వాసన, చూపు, వినికిడి యను ఐదింద్రియములు గల తిర్యంచజీవము. జలచరములలో మనస్సు కలవి కూడ ఉన్నవని ఆగమములు చెప్పుచున్నవి. మన ఆలయములలో అక్షతలతో వ్రాయు అష్టమంగళములలో మీనయుగళమొకటి. దిగంబర సంప్రదాయమున అరనాథస్వామి లాంఛనము మీనమే. తీర్థంకరుని తల్లి గాంచు స్వప్నములలో కూడ ఆ సంప్రదాయమువారు మీనయుగళమును చెప్పుదురు. పూజలో మంగళమని మ్రొక్కినదానిని సముద్రములో బొమ్మ చేసి ఆడుకొనుట పొసగునా? చేపకు బాధ లేదని చాలమంది అనుకొందురు. అది అరవదు, కన్నీరు కార్చదు. అందువలన మనకట్లు తోచును. 2003లో బ్రిటనులో శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేప ముఖముపై, పెదవులపై నొప్పిని గ్రహించు నాడీకణములున్నవని పరీక్షించి ప్రకటించినారు. కొక్కెము తగులునది సరిగ ఆ చోటనే. గొంతు లేని ప్రాణికి బాధ లేదనుట, నోరు లేని కూలివానికి బాకీ లేదనుట వంటిది.

ఇక విడిచిన చేప ఏమగును? పడవవారికి కనబడునది తోక విదల్చి నీలమైన నీటిలోనికి జారిన క్షణము మాత్రమే. అటుపైని కథను ఎవరును చూడరు. పెనుగులాటలో దాని కండరములందు పులుపు పేరుకొనును. ఆ రక్తవిషమము తగ్గుటకు గంటలు పట్టును. ట్యూనా వంటివి ఆగకుండ ఈదినగాని మొప్పలకు నీరందని జీవములు. వానిని నిలిపి పట్టుకొనుటయే ఊపిరి బిగబట్టుట. గాలిలోనికెత్తినపుడు మొప్పల సన్నని రేకులు ఒకదానికొకటి అంటుకొనిపోవును. పొడిచేతులతో పట్టినచో చర్మమును కాపాడు జిగురుపొర ఊడును. లోతునీటినుండి పైకి లాగబడిన గ్రూపర్, స్నాపర్ చేపలకు లోపలి గాలితిత్తి ఉబ్బి కన్నులు వెలికి వచ్చును, జీర్ణాశయము నోటిలోనికి త్రోయబడును. విడిచినను అవి క్రిందికి పోలేక తేలుచుండును. అలసినదాని కొరకు సొరచేప కాచుకొని యుండును.

ఇవి ఊహలు కావు. వివిధ జాతుల చేపలపైని జరిగిన పరిశీలనలనుండి 274 అంచనాలను కూర్చి 2005లో ప్రచురించిన ఒక సమీక్షలో, గాలమునకు పట్టి విడిచిన చేపలలో సగటున 100కి 18 చనిపోవుచున్నవని తేలినది. అంచనాలను వరుసగ పేర్చిన నడుమనున్నది 100కి 11. జాతిని బట్టి, కొక్కెమును బట్టి, నీటి వేడిని బట్టి ఈ లెక్క చాల తగ్గును, చాల పెరుగును. ఒక్కొక్క పడవకు ఇంత యని దీనిని అంటగట్టరాదు. కాని "నేను చంపలేదు" అను మాట నిశ్చయముగ పలుకుటకు ఎవరికిని వీలులేదని మాత్రము దీనివలన తెలియుచున్నది. వ్యాపారమున మనకొక సూత్రము కలదు. తిరిగివచ్చిన సరుకు పంపిన సరుకు కాదు. మడత విప్పి, నలిపి, చింపి పంపిన చీరను "మీ చీర మీకిచ్చితిని గదా" యని కొట్టుపై పడవేసిన ఖాతాదారుని మీరు ఒప్పుకొందురా? సముద్రుడు మాత్రమేల ఒప్పుకొనవలెను?

అయితే యువకుడు ఇంకొక మాట అనవచ్చును. "మంచి కొక్కెము వాడెదను, త్వరగ విడిచెదను, ఒక్క చేపయు చావకుండ చూచుకొనెదను. అప్పుడైనను దోషమేనా?" ఇక్కడనే మనము శాస్త్రమును నిదానముగ చూడవలసియున్నది. ఒక్క చేపయు చావలేదనియే అనుకొందము. మన గృహస్థుల అహింసాణువ్రతమునకు పెద్దలు ఐదు అతిచారములు చెప్పినారు. ప్రతిక్రమణములో మీరు నిత్యము తలచుకొను ఐదే అవి. ఆ ఐదింటిలో ప్రాణము తీయుట యను మాట ఒక్కటియు లేదు! ఈ సంగతిని గమనించితిరా? చంపుట వ్రతభంగమే, దానిని చెప్పనక్కరలేదు. చంపకయే వ్రతమును మలినపరచు పనులేవో తెలుపుటకే ఆ ఐదింటిని విడిగ చెప్పినారు.

మొదటిది బంధము, కట్టివేయుట. దవడలో దిగిన కొక్కెమునకు కట్టిన తీగ బంధము కాక మరేమి? రెండవది వధ, ఇక్కడ దాని అర్థము కొట్టుట, హింసించుట. పడవ అంచుకు లాగుట, ఇనుపకొంకితో పట్టుట ఇందు చేరును. మూడవది ఛవిచ్ఛేదము, చర్మమును అంగమును ఛేదించుట. కొక్కెము చేయునదియే అది. నాల్గవది అతిభారము, మోయలేని భారమును మోపుట. ప్రాణి తన శక్తియంతయు ఉడిగి పక్కకొరుగువరకు లాగించుట అతిభారము. ఐదవది అన్నపానముల నిరోధము. ఆకలితో వచ్చినదానికి అన్నమని చూపి ఇనుము పెట్టితిమి; నీటిలో ఊపిరి తీయుదానిని నీటినుండి వేరుచేసితిమి. ఒక్క ఆటలో ఐదు అతిచారములును వరుసగ చేరినవి. చేప బ్రతికినను ఇవి మాసిపోవు. "ఏ వ్రతము భంగమైనది" అను ప్రశ్నకు ఇది మొదటి సమాధానము.

రెండవ సమాధానము అనర్థదండ విరమణ వ్రతములోనున్నది. గృహస్థుడు వంట చేయును, ఇల్లు కట్టును, దుకాణము తెరచును. అందు సూక్ష్మహింస తప్పదు. అట్టి ఆరంభ, ఉద్యోగ హింసలను తగ్గించుకొమ్మనియే శాస్త్రము చెప్పినది. కాని ప్రయోజనము లేక, కోరి, సంకల్పించి చేయు హింసను గృహస్థుడు సైతము పూర్తిగ విడువవలెను. ఉమాస్వాతి మహరాజు తత్త్వార్థసూత్రమున హింసకు చెప్పిన లక్షణములో ప్రమాదయోగమే ముఖ్యము. అనగా రాగముతో, ఏమరుపాటుతో, మదముతో కూడిన ప్రవృత్తి. చేపను పట్టుట దేనికొరకు? ఆకలికి కాదు, జీవనమునకు కాదు. పెనుగులాటలో కలుగు సంతోషమునకు. ఒక జీవి భయమును తన వినోదముగ చేసికొనుటయే ఇందలి సారము. చేప భయపడకున్నచో ఆట లేదు. గాలము తీగ సడలియున్నచో డబ్బిచ్చి ఎవరును పడవ ఎక్కరు.

ఈ సందర్భమున మన జాలరి సోదరులను గూర్చి ఒక మాట. చేపలు పట్టు వృత్తి జైనునకు తగదు. అయినను ఆ వృత్తివారిని హీనముగ చూచుట కూడ మనకు తగదు. 2022లో విశాఖ దగ్గరి పరవాడ తీరమున వేటకు పోయిన మత్స్యకారుడొకడు కొమ్ము కోనాం పోటుకు ప్రాణము కోల్పోయినాడు. ఆ మనుష్యుడు సముద్రములోనికి పోయినది ఇంట పొయ్యి వెలుగుటకు. అదే చేపతో సెలవు దినమున ఆడుకొనుటకు విమానమెక్కి పోయినవాడు ఆ మత్స్యకారునికంటె తాను దయామయుడనని ఎట్లు చెప్పుకొనగలడు? పేదవాని హింస వెనుక ఆకలి కలదు. మన హింస వెనుక ఏమున్నదో మనమే చూచుకొనవలెను.

ఇక్కడ కొందరు పండితులైన యువకులు మృగసేనుని కథ చూపించుదురు. అది మన కథాకోశములలో ప్రసిద్ధము. అవంతి దేశమున శిప్రానదీ తీరమున మృగసేనుడను జాలరి యుండెను. అతడొక జైనమునిని దర్శించి, వృత్తిని విడువలేని తనకు పాటింపగల చిన్న వ్రతమొకటి యిమ్మని వేడెను. వలలో మొదట పడిన చేపను విడువుమని ముని ఆనతిచ్చెను. ఆ దినమున మొదటి చేప పడెను. గుర్తునకై గుడ్డపీలిక కట్టి విడిచెను. మరల వల వేయగా అదే చేప. మరల అదే. ఐదు పర్యాయములు అదే చేప పడుట, అతడు విడుచుట జరిగెను. సాయంకాలము వట్టిచేతులతో ఇంటికి రాగా భార్య కోపించి తలుపు మూసెను. బయట నిద్రించిన అతనిని పాము కరచెను. అతడు మరుజన్మమున వర్తకుని యింట జన్మించి, ఐదు మృత్యుగండములనుండి తప్పించుకొనెనని కథ.

"మృగసేనుడు కూడ పట్టి విడిచినవాడే గదా" యని మీరందురు. నిజమే. కాని ఆ విడుచుటకును ఈ విడుచుటకును గల భేదమును చూడుడు. అతడు విడిచినది తన అన్నమును. విడిచిన ప్రతి పర్యాయమును అతని ఇంట పస్తు దగ్గరపడెను. ఐదవసారి విడుచునప్పటికి అతని వద్ద మిగిలినది వ్రతమొక్కటే. ఈ క్రీడలో విడుచువాడు ఏమి విడిచెను? కావలసినదంతయు అనుభవించి, ఫోటోతో సహా తీసికొని, అక్కరలేనిదానిని నీటిలో వేసెను. తనకు అక్కరలేనిదానిని ఇచ్చుటను మనము దానమని ఖాతాలో వ్రాయము. మృగసేనునికి చేప మరల మరల రావలెనను కోరిక లేదు. అది రాకుండవలెననియే గుడ్డపీలిక కట్టెను. క్రీడాకారుడు విడుచునది మరల పట్టుటకొరకు. త్యాగమునకును నిలువ సరుకునకును భేదమిదియే.

అట్టి త్యాగము కథలలోనే గాదు, మన కాలమున కూడ జరిగినది. గుజరాతు సముద్రమునకు తిమింగల సొరచేప వచ్చును. చేపలన్నింటిలోను అదియే పెద్దది; అయినను మనుష్యుని కరువదు. ఒకప్పుడు సౌరాష్ట్ర తీరమున దానిని కాలేయపు నూనెకును మాంసమునకును వేటాడెడివారు. 2001లో ప్రభుత్వము దానికి చట్టరక్షణ కల్పించెను. అయినను చట్టమువలననే మనస్సు మారదు. 2004లో ఆ తీరమున ప్రచారోద్యమము ఆరంభమైనపుడు రామకథా ప్రవచనకర్త మొరారి బాపు అది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ వంటిదని జాలరులకు నచ్చచెప్పినారు. దానికి ప్రియమైనది యను అర్థమున వ్హాలీ యను పేరు పెట్టినారు. నాటినుండి వేరావల్ మొదలగు రేవుల జాలరులు వలలో ఆ చేప చిక్కినచో తమ వలలనే కోసి విడుచుచున్నారు. అట్లు విడువబడినవి వందలు. వల కొంత సొమ్ము చేయును. ప్రభుత్వమిచ్చు పరిహారము తరువాతి మాట. ముందుగ కత్తి తన వలపై పడవలెను. పెద్ద చేపను పట్టి విడుచుటలో ధర్మమెక్కడనున్నదో ఆ జాలరులు మనకు చూపించినారు. వారు వేటాడి విడువలేదు. చిక్కినదానిని నష్టపడి విడిచినారు.

సంకల్పమే కర్మబంధమునకు మూలమని తెలుపుటకు మన పెద్దలు చేపనే దృష్టాంతముగ తీసికొన్నారు. తందుల మత్స్యము కథ మీకు తెలియును. స్వయంభూరమణ సముద్రమున మహామత్స్యము నోరు తెరచి నిద్రించును. వేలకొలది చిన్న చేపలు దాని నోటిలోనికి పోవుచు, మరల బయటికి వచ్చుచుండును. దాని కనురెప్పనంటి బియ్యపుగింజంత చేప యొకటి కూర్చుండి, "నాకే ఇంత నోరున్నచో ఒక్కదానినైనను పోనిత్తునా" యని తలపోయును. అది ఒక్క ప్రాణమును తీయలేదు. తీయగల శక్తియు లేదు. అయినను తలపోతవలననే ఏడవ నరకమునకు పోవునని చెప్పుదురు. యశోధర మహారాజు కథయు అట్టిదే. కన్నడ దేశమున జన్నకవి 1209 ప్రాంతమున దానిని కావ్యముగ వ్రాసినాడు. తల్లి మాటను కాదనలేక ఆ రాజు పిండితో చేసిన కోడిని దేవతకు బలియిచ్చెను. అందు ప్రాణమెక్కడిది? అయినను చంపుచున్నానను భావముతో కత్తి వేసినందున తల్లియు కొడుకును జంతుజన్మములెన్నో ఎత్తవలసివచ్చెను. ఆ జన్మములలో యశోధరునకు వచ్చినది చేప జన్మ కూడ. ప్రాణము లేని పిండికోడి విషయముననే ఇంత లెక్క యున్నచో, ప్రాణమున్న మీనము దవడలో నిజమైన ఇనుము దింపినవాడు "చావలేదు గదా" యని తప్పించుకొనజాలడు.

ఇది జైనులు మాత్రమే చెప్పు మాట యనుకొనకుడు. స్విట్జర్లాండు దేశమున 2008 నాటి జంతుసంరక్షణ నిబంధన ప్రకారము, విడిచిపెట్టవలెనను ఉద్దేశముతోనే చేపను పట్టరాదు. మన దేశమున 1972 వన్యజీవి సంరక్షణ చట్టము "వేట" యను మాటకు చెప్పిన అర్థములో చంపుటయే గాక పట్టుట, ఉచ్చు పన్నుట, ఎర చూపుట, గాయపరచుట కూడ చేర్చబడినవి. కావేరి అభయారణ్యములో మహసీర్ పట్టు శిబిరముల ఆట 2010 తరువాతి సంవత్సరములలో నిలిచిపోవుటకు ఈ చట్టమే ఆధారము. శిబిరములు పోయినచో నదిని కాచువారెవరు అను ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు గాలము కాదు, కావలి. చేపను కాపాడుటకు సొమ్మీయదలచినవాడు కొక్కెము లేకుండ ఈయవచ్చును. కావలివారి జీతమునకు ఇచ్చు రూపాయి చేప దవడగుండా పోవలసిన పనిలేదు.

ఇక వర్తకులమైన మనకు చెందిన మాట. అనర్థదండములలో హింసాదానమొకటి, హింసాసాధనమును ఇతరులకు అందించుట. గాలపు కర్రలు, కొక్కెములు, బొమ్మచేపలు నేడు మంచి లాభమిచ్చు సరుకు. ఆటసామానుల దుకాణము నడుపువారు ఆ అరను ఖాళీ చేయవలెను. విహారయాత్రల వ్యాపారము చేయువారు తమ పట్టికలో ఆ దినమును తీసివేయవలెను. డీలరు బహుమానముగ వచ్చిన యాత్రను స్వీకరించువారు కంపెనీవారికి ముందుగనే "ఆ పడవలో మాకు చోటు వద్దు" అని వ్రాయవలెను. మాంసము వడ్డించు భోజనశాలలో మనకు వేరుగ జైన భోజనము కావలెనని నిర్మొహమాటముగ అడుగుచున్నాము గదా! నాలుక విషయమున చూపు ధైర్యమును కంటి విషయమున, చేతి విషయమున చూపుటకు సంకోచమెందులకు? మనము తినని చేపతో ఆడుట, తిని వదలుటకంటె గొప్ప యనుకొనుట భ్రాంతి.

సముద్రమునకు పోవలదని నేను చెప్పుట లేదు. పోవుడు. అండమానులో వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయవనమున అద్దపు అడుగు గల పడవలో కూర్చుండి పగడపు దిబ్బల నడుమ తిరుగు మత్స్యములను బిడ్డలకు చూపుడు. చేప తన ఇంట తానున్నట్లు చూచుట కూడ ఒక దర్శనమే. దానిని పైకి లాగి చూచిన చూపులో అది కనబడదు. మన పట్టు మాత్రమే కనబడును.

చెరువులు మనకింకను దగ్గర. శ్రావకునకు నిషిద్ధములైన పదునైదు వ్యాపారములలో చెరువులను, మడుగులను ఎండగట్టుట యొకటి. ఆ నియమమును విధించిన పెద్దలకు చెరువు అడుగున ఎన్ని ప్రాణములున్నవో తెలియును. బెంగళూరు చెరువులలో 2016లో హలసూరు చెరువున చేపలు గుట్టలుగ చచ్చి తేలినవి. సముద్రములో ఒక చేపను విడిచి ఫోటో తీసికొన్నవాడు తన అపార్టుమెంటు మురుగునీరు ఏ చెరువునకు పోవుచున్నదో ఒకమారు విచారించిన, విడిచినదానికి వేయిరెట్లు ప్రాణములను కాపాడిన పుణ్యము దక్కును. సంఘము సమావేశమున ఆ నీటి శుద్ధియంత్రము పనిచేయుచున్నదా యని అడుగుట కూడ జీవదయయే. దీనికి విమానము టిక్కెట్టు అక్కరలేదు.

మన పూర్వులు ఈ విషయమున ఎంత స్పష్టముగనుండిరో చూడుడు. 1583లో ఆచార్య హీరవిజయసూరి మహరాజు ఫతేపూర్ సిక్రీలో అక్బరు పాదుషాను దర్శించినారు. పాదుషా ఏమి కావలెనని యడుగగా వారు ధనము కోరలేదు. పంజరపు పక్షులను విడువుమనిరి. పర్యూషణ దినములలో జీవవధ నిలుపుమనిరి. డాబర్ సరస్సులో చేపలు పట్టుట మాన్పించిరి. పట్టి విడువుమని వారు బేరమాడలేదు. నేమినాథస్వామి పెండ్లి ఊరేగింపు దారిలో పంజరములలో బంధింపబడిన మృగముల ఆక్రందన విని వానిని విడిపించి ఊరకుండలేదు. ఏ వేడుకకొరకు వానిని బంధించిరో ఆ వేడుకనే విడిచి గిరినారమునకు పోయినారు. జంతువును విడుచుట ఒక మెట్టు. దానిని బంధింపజేసిన వినోదమును విడుచుట అసలు మెట్టు.

కావున యువకులారా, మీ ప్రశ్నకు సమాధానమిది. చేపను విడిచినారు, మంచిదే. గాలమును విడువలేదు; అందువలన కర్మము మిమ్ములను విడువలేదు. ఇంతకుముందు పోయివచ్చినవారు కుములుచు కూర్చుండనక్కరలేదు. ఆలోచన చేసికొని గురువుల సన్నిధిని ప్రాయశ్చిత్తము పొందుడు. ఇకముందు "వినోదార్థము ఏ ప్రాణిని పట్టను, పట్టింపను, పట్టువారిని మెచ్చుకొనను" అని ఒక్క ప్రత్యాఖ్యానము స్వీకరింపుడు. మూడవ మాటను మరువకుడు. స్నేహితుని ఫోటో చూచి చప్పట్లు కొట్టుట కూడ అనుమోదనమే. చేయుట, చేయించుట, అనుమోదించుట మూడును మన లెక్కలో ఒకే ఆవర్జాకు ఎక్కును.

రేపు సంవత్సరీ ప్రతిక్రమణమున ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను తలచి, తెలిసి చేసినదానికి, తెలియక చేసినదానికి క్షమాపణ కోరుదుము. అందులో జలచరములను చెప్పుచున్నపుడు ఒక్క క్షణము ఆగుడు. క్షమాపణ కోరిన నోటితోనే మరుసటి నెల పడవకు బయానా కట్టుట వర్తకధర్మమున సైతము ఒప్పదు. బాకీ మాఫీ చేయించుకొని, అదే అంగడిలో మరల అరువు తెచ్చువానిని ఎవరును పెద్దమనిషి యనరు. సముద్రము ఎవరిని లెక్క అడుగదు. కాని మన ఆత్మ వద్ద ప్రతి పద్దు వ్రాయబడియే యుండును.

సర్వజీవులు సుఖముగ ఉండుగాక! మన చేతులు ఎవరికిని భయము గొల్పకుండుగాక!

జై జినేంద్ర.